రెండు 4కె మానిటర్లు, ఒక ఎం1 మ్యాక్‌బుక్: డాక్ మార్చాలా, ల్యాప్‌టాప్ మార్చాలా?

గుండ్లకమ్మ (ఒంగోలు):
చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారుల కోసం ఇంట్లోనే స్లాబుల ఫోటోలు సరిచేసి కేటలాగులు తయారు చేస్తాను. ల్యాప్‌టాప్ ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్. రెండు 4కె మానిటర్లు కొని, రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్న యూఎస్‌బీ-సీ డాక్ (ఒకే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తెరలను కలిపే పెట్టె) పెడితే రెండింటి మీదా ఒకే బొమ్మ వస్తోంది. దుకాణంలో వేరే డాక్ ఇచ్చారు, అదీ అంతే. డిస్‌ప్లేలింక్ డాక్ కొంటే చాలని ఒకరు, ల్యాప్‌టాప్ మార్చక తప్పదని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
డాక్‌ల తప్పేమీ లేదు. ఎం1 చిప్ బయటి తెరను ఒక్కదాన్నే నడుపుతుంది. పైగా ఒకే యూఎస్‌బీ-సీ పోర్టు నుంచి రెండు వేర్వేరు తెరలు తీసే ఎంఎస్‌టీ పద్ధతి విండోస్‌లో ఉంది, మ్యాక్‌లో లేదు. అందుకే పక్కింటి విండోస్ ల్యాప్‌టాప్‌కు చక్కగా పనిచేసే డాక్ మీ దగ్గర మొండికేస్తుంది. డిస్‌ప్లేలింక్ దారి వేరు. తెర మీది బొమ్మను సాఫ్ట్‌వేర్ కుదించి మామూలు డేటాలా పంపితే, డాక్‌లోని చిప్ విప్పి మానిటర్‌కు ఇస్తుంది. ఒక్క తెర పరిమితి దానికి అడ్డు రాదు. నా ఎక్సెల్ షీట్లు, మెయిళ్లు రోజంతా దాని మీదే. వేలల్లో తీరే పనికి లక్ష పెట్టడమెందుకు?

కొత్తపట్నం గాలి:
ఎక్సెల్‌కు సరే. ఇక్కడ చూడాల్సింది బ్లాక్ గెలాక్సీ గ్రానైట్. నల్లరాయిలో ఇసుక రేణువుల్లాంటి బంగారు చుక్కలు ఎంత దట్టంగా, ఎంత సమంగా ఉన్నాయో చూసే కదా బేరం! ఒక 4కె తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు (60 హెర్ట్జ్) అంటే సెకనుకు ఇంచుమించు 12 గిగాబిట్లు. రెండు తెరలకు 24. సాధారణ యూఎస్‌బీ 3 పోర్టు వేగం 5. మిగిలిందంతా ఎక్కడికి పోయినట్టు? కుదింపులోకి. ఆ కుదింపు భారం ప్రాసెసర్ మీద పడుతుంది, ఫోటోను వేగంగా జరిపితే తెర వెనకబడుతుంది.

థండర్‌బోల్ట్ (యూఎస్‌బీ-సీ ఆకారంలోనే ఉండే ఇంకా వేగమైన పోర్టు) డాక్ కొంటే సరిపోతుందనీ అనుకోకండి. అది 40 గిగాబిట్లు మోయగలదు, కానీ మీ చిప్ ఇచ్చేది ఒక్క తెరే. తర్వాత వచ్చిన ఎం4 చిప్ ఎయిర్ అయితే మూత తెరిచి ఉంచినా రెండు బయటి తెరలు వస్తాయి. ఎం3లో మూత మూయాలి. విండోస్‌కు వెళ్తే థండర్‌బోల్ట్ 4 ముద్ర చూడండి. రెండు 4కె తెరలు నడపగలగాలన్నది ఆ ముద్రకున్న షరతు.

ఉదయగిరి దుర్గం:
ఇద్దరూ రెండు మానిటర్లనూ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఎయిర్‌కు రెండు పోర్టులున్నాయి. యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు వెళ్లే కేబుల్‌తో ఒక మానిటర్‌ను నేరుగా కలపండి. కుదింపు లేని 4కె, 60 హెర్ట్జ్ వస్తుంది. స్లాబుల ఫోటోలు దాని మీదే తెరవండి. రెండో పోర్టుకు ఛార్జింగ్ కూడా ఇచ్చే డిస్‌ప్లేలింక్ డాక్ పెట్టి, రెండో మానిటర్‌లో ఫోల్డర్లు, మెయిళ్లు, ధరల జాబితా ఉంచుకోండి. డాక్ హెచ్‌డీఎంఐ 4కె వద్ద 30 హెర్ట్జా, 60 హెర్ట్జా అన్నది పెట్టె మీద చదివి కొనండి. చవక వాటిలో ఎక్కువ 30వే, మౌస్ బాణం గెంతుతూ పోతుంది. డ్రైవర్ వేశాక సెట్టింగుల్లో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వకపోతే తెర రాదు. అది చూసి బెదిరిపోకండి, తెరను చదివితేనే కదా అది పంపగలిగేది.

కొత్తపట్నం గాలి:
ఈ ఏర్పాటు నడుస్తుంది, కాదనను. కానీ డ్రైవర్ మీద బతికే తెరకు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా గండమే. కంటైనర్ రేవుకు చేరాల్సిన వారంలో మాత్రం అప్‌డేట్ నొక్కకండి.