నాలుగు లైన్ల హైవేపై లోడు లారీకి 80 కిలోమీటర్లా, 60ఆ?

విజయవాడ నుంచి ఎన్‌హెచ్ 16 మీద చెన్నైకి 14 చక్రాల లారీ, ఫుల్ లోడు. 2018 ఏప్రిల్ కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం సరుకు బండ్లకు డివైడర్ ఉన్న నాలుగు లైన్లలో గరిష్ఠం 80, మామూలు రోడ్లపై 60. కానీ మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు. తడ దాటాక తమిళనాడులో లారీలకు ఏ అంకె లెక్క? ట్యాంకర్ల సంగతి వద్దు, వాటి స్పీడ్ గవర్నర్ (బండి వేగాన్ని ఒక హద్దు దాటనివ్వని పరికరం) ఎలాగూ 60కే.

ఇంకోటి. గవర్నర్ 80కి సీలు వేసి ఉన్నా అది ఆపేది డీజిల్‌నే, చక్రాన్ని కాదు. ఫ్లైఓవర్ దిగుడులో గేరులో ఉన్నా స్పీడోమీటర్ ముల్లు 85 దాటుతుంది. కెమెరా అక్కడే ఉంటే అతివేగానికి 183వ సెక్షన్, 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారిని మూసి ఇంజిన్‌తోనే బండి వేగం తగ్గించేది) దిగుడు మొదలవకముందే వేస్తున్నారా, గేరు కూడా తగ్గిస్తున్నారా? ఈ రూట్లో తిరిగే అన్నలు చెప్పండి.