మెరక చేస్తున్న పాత ఓడల యార్డు: నెలనెలా ఒకే చోటు నుంచి ఫోటో తీయడం ఎలా?

ఏటిగట్టు:
కాకినాడ దగ్గర కోరంగి వైపు మూతపడిన ఓడల యార్డును మెరక చేసి కొత్త కట్టడాలు వేస్తున్నారండి. బ్రిటిష్ నౌకాదళం ఓడలు మరమ్మతుకొచ్చిన రేవు కోరంగి. 1839 తుఫాను మింగగా మిగిలిన వాటిలో ఇంకేం పోతుందో నమోదు చేయాలని నెలనెలా తీస్తున్నాను. పాత ఫోటో మీద కొత్తది పెడితే షెడ్డు కుదురుతోంది, వెనక సెల్ టవరు కుదరడం లేదు. ఓడను నీళ్ళలోకి దింపే ఏటవాలు ఒక్కోసారి మునిగిపోయి ఉంటోంది. 24-70 జూమ్, ట్రైపాడ్ ఉన్నాయి.

నిలువుగీత:
కెమెరా పక్కకి జరిగిందండి. దీన్ని కంప్యూటర్లో సరిచేయలేం. టవరు షెడ్డుకు కుడివైపు జరిగి కనిపిస్తే కెమెరా కుడికి జరిగినట్టు, ఎడమకు తేవాలి. పాత ఫోటో ఫోన్లో పెద్దది చేసి, దగ్గరి వస్తువు అంచూ దూరపు వస్తువు అంచూ ఒకే నిలువుగీతలో ఉన్న చోటు వెతకండి. ఫ్రేముకి ఇటొక జత, అటొక జత కుదిరితేనే చోటు దొరికినట్టు. ఆ జతలు యార్డు బయటివై ఉండాలి, లోపలివన్నీ రేపు కూలిపోతాయి. చెట్లు వద్దు.

జూమ్ మధ్యలో ఆపకండి, మళ్ళీ అక్కడే ఆగదు. 24 చివర్లో పెట్టి టేపు వేసేయండి. ఫోకస్ దూరం మారినా ఫ్రేము కాస్త మారుతుంది, కాబట్టి మాన్యువల్లో ఒకే దూరం. లెన్స్ రంధ్రం ఎఫ్/8, సెన్సర్ సున్నితత్వం ఐఎస్‌ఓ 100, ప్రాసెస్ చేయని రా ఫైలు ప్రతిసారీ అవే.

నీళ్ళపైపు:
నేల మీద మేకు కొడితే మట్టి కింద పోతుంది. వంతెన పిట్టగోడ లాంటి కదలని వాటి నుంచి రెండు దూరాలు టేపుతో కొలిచి రాసుకోండి. ఎత్తుకి మేస్త్రీల లెవెల్ పైపు (నీళ్ళు నింపిన పారదర్శక గొట్టం) వాడండి. పిట్టగోడ మీద పెయింటు గీత, ఒక కొస దాని దగ్గర, రెండో కొస లెన్స్ మధ్యకి. రెండు చోట్లా నీటిమట్టం కలిస్తే లెన్స్ పాత ఎత్తులో ఉన్నట్టే. అర మీటరు మట్టి పడితే ట్రైపాడ్ కాళ్ళు కూడా అర మీటరు తగ్గించాలి. పైపులో గాలిబుడగ ఉన్నా, ఒక కొస వేలితో మూసినా లెవెల్ తప్పు చూపిస్తుంది.

పోటూపాటూ:
ఏటవాలు కోసం క్యాలెండర్ తేదీ కాదు, తిథి చూడండి. పాటు, అంటే సముద్రపు నీరు వెనక్కి లాగే వేళ, రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, పక్షం తిరిగేసరికి మళ్ళీ ఇంచుమించు అదే వేళకి వస్తుంది. అమావాస్య, పున్నమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకి నీరు బాగా లాగుతుంది. వరద నెలల్లో పాటులోనూ నీరు అంత దిగదు. అందుకే ఏటవాలు కింది భాగం వేసవిలోనే, మట్టి లారీలు అక్కడికి రాకముందే తీసేయండి. పక్కన స్కేలు పెట్టి, పలకల అతుకులు, ఇనుప మేకులు దగ్గరగా కూడా తీయండి. పోతే మళ్ళీ దొరకనివి అవే.

ఏసీ కారు దిగ్గానే బ్యాగు తెరిస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, అరగంట ఆగండి. ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో కడగాలి. అభయారణ్యం పక్కనే కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి.

ఏటిగట్టు:
తిథిని బట్టి వెళితే ఎండ మారదా అండి?

నిలువుగీత:
ఎలాగూ మారుతుంది. గంట ఒకటే అయినా సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతాడు. ఏటవాలుకి పాటు చూసుకోండి, గోడలకీ షెడ్లకీ మబ్బు రోజు. రెండూ ఒకే రోజు తీయాలని పట్టు పట్టకండి.