రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధనకు కొత్త నిధుల విధానం ఎంతవరకు అందుతుంది?

పరిశోధక విద్యార్థి, నెల్లూరు

పెద్దలందరికీ నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వనామీ రొయ్యలకు ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి వల్ల వచ్చే వ్యాధి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. విడవలూరు, ఇందుకూరుపేట మండలాల గుంటల నుంచి రొయ్యలను తెచ్చి, హెపటోపాంక్రియాస్ (జీర్ణగ్రంథి) ముక్కను ఆల్కహాల్‌లో భద్రపరచి, పీసీఆర్ పరీక్ష చేయడం నా పనిలో ముఖ్య భాగం. వేసవి పంటకు రైతులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో సీడ్ (రొయ్య పిల్లలు) వేస్తారు. వ్యాధి ఏ దశలో ప్రవేశిస్తుందో తెలియాలంటే సీడ్ వేసిన నాటి నుంచి పట్టుబడి దాకా క్రమం తప్పకుండా నమూనాలు తీయాలి. సరిగ్గా ఆ నడుమనే మార్చి 31 వస్తుంది, ప్రాజెక్టులో ఖర్చు కాని సొమ్ము ఖాతాలో నిలవదు. తిరిగి మంజూరు అయ్యేసరికి రైతులు రొయ్యలు పట్టేసి గుంటలు ఎండగట్టుకుంటారు. పీసీఆర్‌కు కావలసిన ప్రైమర్లు, మాస్టర్ మిక్స్ వంటి రసాయనాలు చేతికి వచ్చినా పరీక్షించడానికి రొయ్య ఉండదు.

మా గైడు గారి ప్రాజెక్టు త్వరలో ముగుస్తుంది. 2023లో చట్టం చేసి ఏర్పాటు చేసిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌లో, అంతవరకు పరిశోధన ప్రాజెక్టులకు కేంద్ర నిధులు ఇచ్చిన ఎస్‌ఈఆర్‌బీ కలిసిపోయిన తరువాత, ఏదైనా పెద్ద సంస్థతో జతకట్టి దరఖాస్తు చేయడమే మేలని కొందరు చెబుతున్నారు. అలా చేస్తే మా అంశం మాది కాకుండా పోతుందేమోనన్న భయం నాకుంది. విడిగా దరఖాస్తు చేసుకుంటే నిలబడగలమా, జతకడితే అంశాన్ని కాపాడుకోగలమా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని అడుగుతున్నాను.

విశ్రాంత ఆచార్యుడు, ఒంగోలు

నాయనా, మీ ప్రశ్న చాలా సరైనది. ఎంత సొమ్ము ప్రకటించారన్న దానికంటే, అది ఏ రూపంలో, ఏ నెలలో, ఎవరి చేతికి వస్తుందన్నదే పరిశోధనను నిలబెడుతుంది లేదా ఆపేస్తుంది.

12వ ప్రణాళిక కాలంలో, అంటే 2012 నుంచి 2017 వరకు, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చిన్న పరిశోధన ప్రాజెక్టులు ఇచ్చేది. సైన్సు విభాగాలకు 5 లక్షల రూపాయల వరకు వచ్చేవి. డిగ్రీ కళాశాల అధ్యాపకుడు కూడా దరఖాస్తు చేసుకోగలిగేవాడు. కనిగిరి ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో వర్షాలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి కొలవాలని మా విద్యార్థులు పూనుకున్నప్పుడు, వారికి కావలసినవి ఒక ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు, పాలిథిన్ సీసాలు, ఊళ్లకు వెళ్లిరావడానికి బస్సు ఛార్జీలు మాత్రమే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదని ప్రమాణాలు చెబుతాయి. ఏ ఊరి ఏ బోరు ఆ హద్దు దాటిందో, వానలు పడ్డాక ఎంత తగ్గిందో చెప్పగలిగేది ఇటువంటి చిన్న పనే. ఆ పని పెద్ద పత్రికలో అచ్చు కాకపోవచ్చు, అయినా ఆ విద్యార్థులలో కొందరికి పరిశోధన అంటే ఏమిటో తెలిసింది అక్కడే. ప్రణాళికల పద్ధతి ముగిసిన తరువాత ఆ చిన్న మొత్తాల తలుపు మూసుకుపోయింది. 2022 సెప్టెంబరులో యూజీసీ సర్వీసులో ఉన్న అధ్యాపకులకు 10 లక్షల చొప్పున గ్రాంటు ప్రకటించిన మాట నిజమే కాని, అది దేశం మొత్తానికి 200 మందికి మాత్రమే.

కొత్త ఫౌండేషన్ విషయానికి వస్తే, అయిదేళ్లకు 50,000 కోట్ల రూపాయలన్న అంచనాలో దాదాపు 36,000 కోట్లు పరిశ్రమలు, దాతలు, ఇతర ప్రైవేటు వనరుల నుంచి రావాలని ప్రభుత్వం చెప్పింది. ఔషధ పరిశ్రమ, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ తమకు పనికివచ్చే అంశానికి డబ్బు పెడతాయి, అందులో తప్పేమీ లేదు. కనిగిరి బోరు నీళ్లకు డబ్బు పెట్టే పరిశ్రమ ఏది? ప్రభుత్వం తప్ప అడిగేవారు లేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ప్రైవేటు వాటా పెరిగేకొద్దీ అటువంటి ప్రశ్నలు అడిగేవారు తగ్గిపోతారన్నది నా ఆందోళన.

అకౌంట్స్ విభాగ ఉద్యోగి

ఆచార్యుల వారి మాటను గౌరవిస్తూనే, మార్చి 31 గురించి కొంత వివరించాలి. ఇంతకుముందు ప్రాజెక్టు సొమ్ము విశ్వవిద్యాలయ బ్యాంకు ఖాతాకు ముందుగానే వచ్చేది, మిగిలినది తరువాతి సంవత్సరానికి కొనసాగేది. దేశమంతటా ఇలా వేలాది ఖాతాలలో సొమ్ము నిలిచిపోతున్నదని, 2022 నుంచి కేంద్ర పథకాల సొమ్మును రిజర్వు బ్యాంకులోని ట్రెజరీ సింగిల్ అకౌంట్ ద్వారా గాని, జీరో బ్యాలెన్స్ ఖాతాల ద్వారా గాని, అవసరమైనప్పుడే విడుదల చేసే పద్ధతి తెచ్చారు. ప్రభుత్వ ఖజానా దృష్టితో చూస్తే ఇది సమంజసమే. ఇబ్బంది ఎక్కడంటే, మాకు ఇచ్చేది వ్యయ పరిమితి మాత్రమే, అది ఆర్థిక సంవత్సరంతో పాటే ముగుస్తుంది. మార్చిలో ఆర్డరు పెట్టిన రసాయనం ఏప్రిల్‌లో వస్తే దాని బిల్లు చెల్లించడానికి ఆ పరిమితి ఉండదు. యూసీ (సొమ్ము వినియోగ ధ్రువపత్రం) పంపి, అది ఆమోదం పొంది, కొత్త పరిమితి కేటాయించేదాకా మేము చేయగలిగింది ఏమీ లేదు. విద్యార్థులు మా గది ముందు నిలబడి అడుగుతుంటే బాధ కలుగుతుంది.

మరొక భారం చాలామందికి కనిపించదు. ప్రయోగశాల పరికరాలపై పరిశోధన సంస్థలకు ఉన్న 5 శాతం రాయితీ జీఎస్టీని 2022 జూలైలో తీసివేశారు. సాధారణంగా 18 శాతం కట్టవలసి వచ్చింది. మంజూరైన సొమ్ము మారదు, కొనగలిగిన వస్తువు తగ్గుతుంది. అయితే అన్ని మార్పులూ చెడ్డవి కావు. పరిశోధన గ్రాంట్ల మీదనే జీఎస్టీ కట్టాలన్న నోటీసుల వివాదం 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి మినహాయింపుతో తీరింది. 2025 జూన్‌లో శాస్త్ర పరిశోధన కొనుగోళ్లకు కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు పెంచారు, ప్రభుత్వ కొనుగోళ్ల వేదిక అయిన జెమ్ పోర్టల్‌లో సరైన పరికరం దొరకనప్పుడు బయట కొనే నిర్ణయాన్ని వైస్ ఛాన్సలర్ల స్థాయికి వదిలారు. మన పాలకమండలి కొనుగోలు నిబంధనలు కూడా అందుకు తగ్గట్టు మారితేనే ఆ సౌలభ్యం విభాగం దాకా వస్తుంది. మీ విభాగాధిపతి గారి ద్వారా ఈ విషయం రిజిస్ట్రారు కార్యాలయానికి రాతపూర్వకంగా పంపండి.

మీకు నేను ఇవ్వగల సలహా ఒకటే. ప్రైమర్లు, కిట్లు డిసెంబరు లోపల తెప్పించుకుని బిల్లు చెల్లింపు జనవరిలో పూర్తిచేయించండి. నమూనాల ప్రయాణ ఖర్చును మాత్రం ఏప్రిల్ నుంచి కొత్త పద్దు కిందకు వచ్చేలా ప్రతిపాదనలోనే రెండు సంవత్సరాలకు విడగొట్టి రాయించండి.

అర్థశాస్త్ర అధ్యాపకురాలు, కావలి

కేంద్రాన్ని మాత్రమే అంటే న్యాయం కాదని నా అభిప్రాయం. రాష్ట్రాల ఉన్నత విద్యకు కేంద్రం నిధులిచ్చే రూసా పథకం 2013లో వచ్చినప్పుడు మన వంటి రాష్ట్రాలకు కేంద్ర, రాష్ట్ర వాటాల నిష్పత్తి 65:35, తరువాత అది 60:40 అయింది. రాష్ట్రం తన 40 శాతం సకాలంలో జమచేస్తేనే పని సాగుతుంది. అదే పద్ధతి 2023లో పీఎం ఉషగా కొనసాగింది. అన్నిటికన్నా ముఖ్యం అధ్యాపక నియామకాలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో పాఠాలు చెప్పేవారిలో కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులు చాలామంది ఉన్నారు. చాలా పథకాలలో ప్రధాన పరిశోధకుడు రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. పీహెచ్‌డీ ఉండి, పత్రాలు ప్రచురించి, పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి కూడా సొంత పేరుతో దరఖాస్తు పెట్టలేకపోవడం ఏ ఫౌండేషన్ వచ్చినా తీరని లోటు. ఈ ఖాళీలు నింపవలసింది రాష్ట్రమే.

జతకట్టడం గురించి కూడా ఒక మాట. కొత్త ఫౌండేషన్ తెచ్చిన పెయిర్ పథకంలో పేరున్న సంస్థ కేంద్రంగా, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు అనుబంధ సంస్థలుగా పనిచేస్తాయి. ఎంపికకు విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు చూస్తారు. ఆ ర్యాంకులోనే పత్రాలకు, ప్రాజెక్టు సొమ్ముకు మార్కులున్నాయి. నిధులు లేనివారికి ర్యాంకు రాదు, ర్యాంకు లేనివారికి నిధులు రావు. అయినా ఆ దారి వద్దని నేను చెప్పను. ఖరీదైన పరికరాలున్న చోటికి మన విద్యార్థి వెళ్లి నేర్చుకునే అవకాశాన్ని వదులుకోకూడదు.

ఇంకొక సంగతి, 2025 జూలైలో కేంద్రం ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి, నవకల్పన పథకాన్ని చూసి చాలామంది విశ్వవిద్యాలయాలకు పండుగ వచ్చిందనుకున్నారు. అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక రుణం. దాన్ని నమ్ముకుని ప్రణాళిక వేసుకోకండి.

పరిశోధక విద్యార్థి, నెల్లూరు

అందరికీ కృతజ్ఞతలు. డిసెంబరు లోపల కొనుగోలు ముగించాలన్న సూచనను మా గైడు గారికి చూపించాను, ఈ సారి అలాగే చేద్దామన్నారు. జతకట్టే విషయంలో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఫెలోషిప్పు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలకు పెరిగిన మాట నిజమే, కాని ప్రాజెక్టు ఆగిన నెలల్లో ఆ ఫెలోషిప్పూ ఆగుతుంది. ఇంట్లో వారికి ఏమని చెప్పాలో తెలియదు.

విశ్రాంత ఆచార్యుడు, ఒంగోలు

జతకట్టండి, అయితే ఒప్పంద పత్రంలో రెండు విషయాలు ముందే రాయించుకోండి. నమూనాల సేకరణ, గుంటల వివరాల పుస్తకం, భద్రపరచిన కణజాలం మీ విభాగం దగ్గరే ఉండాలి. ఫలితాల పత్రంలో మొదటి రచయిత ఎవరన్నది పని మొదలుపెట్టక ముందే తేలాలి. పెద్ద సంస్థకు జన్యుక్రమాన్ని చదివే సీక్వెన్సింగ్ యంత్రం ఉంటుంది, విడవలూరు రైతు ఏ హేచరీ నుంచి సీడ్ తెచ్చాడో, ఏ రోజున చెక్‌ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగలడం మొదలైందో వారికి తెలియదు. ఆ పుస్తకం మీ చేతిలో ఉన్నంత వరకు అంశం మీదే. ముసాయిదా ఒప్పందం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చదివి నాకు తోచింది చెబుతాను.