డబుల్ బ్లైండ్ లోడు అంటున్నారు, తీసుకోవచ్చా?

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సస్):
అందరికీ నమస్కారం. గ్రీన్‌కార్డు మీద ఈమధ్యే గుంటూరు నుంచి వచ్చాను. మా బాబాయి వాళ్ల చిన్న ట్రక్కింగ్ కంపెనీలో డిస్పాచ్ (బళ్లకి లోడ్లు కుదిర్చి పంపే పని) చూస్తున్నాను. జార్జియాలోని డాల్టన్‌లో కార్పెట్ రోల్స్ ఎత్తి ఓక్లహోమా సిటీలో దించాలి. బ్రోకర్ పంపిన రేట్ కన్ఫర్మేషన్‌లో (కిరాయి ఒప్పందం కాగితంలో) కూడా అదే ఉంది. బ్రోకరేమో "ఇది డబుల్ బ్లైండ్, మిల్లులో మాత్రం డల్లాస్‌కి వెళ్తోందని చెప్పండి" అంటున్నాడు. రెండు బీఓఎల్‌లు (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకుతో వెళ్లే రవాణా కాగితం) పంపాడు. ఇది దొంగ లోడా? బాబాయి బండి మీద ఉన్నారు, ఫోను ఎత్తట్లేదు.

జవాబు (డల్లాస్):
తమ్ముడూ, కంగారు పడకు. దొంగ లోడు కాదు. డల్లాస్‌లో ఒక డీలర్ ఉంటాడు. మిల్లు దగ్గర కొని, ఓక్లహోమాలో కాంట్రాక్టర్‌కి అమ్ముతాడు. వాళ్లిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిస్తే, రేపట్నుంచి నేరుగా మాట్లాడుకుని మధ్యలో ఇతన్ని తీసేస్తారు. అందుకే మిల్లుకిచ్చే బీఓఎల్‌లో సరుకు డల్లాస్ డీలర్‌కి వెళ్తున్నట్టు, దించేచోట ఇచ్చేదాంట్లో డల్లాస్ నుంచి వచ్చినట్టు ఉంటుంది. బండి డల్లాస్ మొహం కూడా చూడదు. ఒక్క వైపు వాళ్లకే తెలియకూడదనుకుంటే మామూలు బ్లైండ్, ఇద్దరికీ తెలియకూడదంటే డబుల్ బ్లైండ్. మన దగ్గర ఈ-వే బిల్లులో 'బిల్ టు, షిప్ టు' చూసే ఉంటావు. మధ్యవాడి వ్యాపారం అక్కడా ఇదే, కాకపోతే ఇక్కడ పేర్లు దాచడమే అసలు పని.

ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో బ్రోకర్ చేత ఈమెయిల్‌లో రాయించుకో. బండి కదలకముందే. ఫోన్‌లో చెప్పిన మాట రేపు ఎవరికీ గుర్తుండదు.

డ్రైవర్‌కి ఇంకా గట్టిగా చెప్పాలి. గొడవంతా దించేచోట రిసీవింగ్ కిటికీ దగ్గరే. అలవాటు కొద్దీ క్లిప్‌బోర్డు మొత్తం లోపలికి తోసేస్తారు, పైనే మిల్లు బీఓఎల్ ఉంటుంది. మిల్లులో సంతకం కాగానే దాన్ని వేరే కవర్లో పెట్టి ట్రక్కు క్యాబ్‌లో దాచమను. పారేయొద్దు. ఎన్ని రోల్స్ ఎక్కాయి, ఏ స్థితిలో ఎక్కాయి అన్నదానికి అదే సాక్ష్యం, రేపు క్లెయిమ్ వస్తే అదే కావాలి. దించేచోట సంతకమైన బీఓఎల్ నీ పీఓడీ, అంటే సరుకు అందిందనే రుజువు. రెండిట్లో రోల్స్ లెక్క, బరువు ఒకటే ఉండాలి. మిల్లువాళ్లు సీల్ వేస్తే ఆ నంబరు రెండో కాగితం మీదా ఉందో లేదో చూసుకో. తేడా ఉంటే సరుకు వెనక్కి పంపేస్తారు.

దారిలో ఇన్‌స్పెక్షన్‌కి ఆపితే ఇవేవీ దాచొద్దు. అధికారి అడిగితే రెండు బీఓఎల్‌లూ, రేట్ కన్ఫర్మేషనూ చూపించాలి. దాపరికం కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్యే.

జవాబు (చార్లెట్):
నేను ఎల్‌టీఎల్ (పలువురి చిన్న లోడ్లు ఒకే బండిలో తీసుకెళ్లే) కంపెనీ బిల్లింగ్‌లో పనిచేస్తానండి. మా వైపు పికప్‌కి ముందే బ్లైండ్ ఫారం నింపాలి, దానికి విడిగా చార్జీ ఉంటుంది, కిరాయి ఆ మధ్యవాళ్లే కట్టాలి. ఇంత చేసినా గుట్టు బయటపడేది ఎక్కువగా సరుకు మీదే. ప్లాస్టిక్ చుట్టు మీద అంటించిన చిన్న కవర్లో మిల్లు ప్యాకింగ్ స్లిప్ ఉండిపోతుంది, లేదా రోల్ చివర లేబుల్ మీద మిల్లు పేరు ఉంటుంది. వాటిని తీయించే బాధ్యత డీలర్‌ది. మీ డ్రైవర్ చేత పీకించకండి.

జవాబు (డల్లాస్):
అక్క చెప్పింది కరెక్ట్. ఇంకో మాట తమ్ముడూ, దీన్ని డబుల్ బ్రోకరింగ్‌తో (ఒప్పుకున్న లోడును చెప్పకుండా ఇంకొకరికి అప్పగించే మోసంతో) కలపొద్దు. బ్లైండ్‌లో దాచేది సరుకు ఎవరిది, ఎవరికి అన్నది. నీ కంపెనీ పేరు కాదు. "మిల్లులో ఫలానా ట్రక్కు కంపెనీ అని చెప్పు" అంటే మాత్రం లోడు వదిలెయ్. నిన్ను ఇంకొకడి పేరు మీద నడిపిస్తున్నారన్నమాట, సరుకు దిగాక ఆ బ్రోకర్ ఫోను పనిచేయదు. బ్రోకర్ ఎంసీ నంబరు (లైసెన్సు నంబరు) ఎఫ్‌ఎంసీఎస్‌ఏ, అంటే ట్రక్కింగ్‌ని చూసే ఫెడరల్ సంస్థ, వాళ్ల సేఫర్ సైట్‌లో కొట్టి చూడు. ఈమెయిల్ కింద ఉన్న నంబరుకి కాదు, అక్కడున్న నంబరుకి ఫోన్ చెయ్. బ్రోకర్‌కి 75,000 డాలర్ల బాండు (కిరాయి ఎగ్గొడితే క్లెయిమ్ చేసుకునే హామీ సొమ్ము) ఉంటుంది నిజమే, కానీ బ్రోకర్ మునిగినప్పుడు దానికోసం క్యూ పెద్దది.

ప్రశ్న (ఇర్వింగ్):
థాంక్స్ అన్నా, అక్కా. సేఫర్‌లో చూశాను, నంబరు కలిసింది, ఫోన్ ఎత్తి లోడు వాళ్లదే అన్నారు. ఈమెయిల్ కూడా వచ్చింది. దించేచోట "ఎక్కడ లోడ్ చేశారు?" అని డ్రైవర్‌ని అడిగితే?

జవాబు (డల్లాస్):
"డిస్పాచ్‌ని అడగండి" అని నీ నంబరు ఇమ్మను. నువ్వు బ్రోకర్ నంబరు ఇవ్వు.