కంట్రోలర్ పాస్‌వర్డ్ ఓనరు దగ్గరే ఉండాలా, ఆపరేటర్‌కీ ఇవ్వాలా?

రాజోలు_ఆపరేటర్:
మా ఓనరు గారు కొత్త సౌండ్ సిస్టమ్‌కి కంట్రోలర్ (మిక్సర్‌కీ యాంప్‌కీ మధ్య సౌండ్‌ని సర్ది, హద్దు పెట్టే పెట్టె) సెట్ చేయించి, పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకున్నారండి. కనుమ నాడు తీర్థంలో బేస్ యాంప్ పోయింది. పక్క ఊరి నుంచి వేరేది అద్దెకి తెచ్చి పెట్టాం. కంట్రోలర్‌లో లిమిటర్ (సిగ్నల్ హద్దు దాటకుండా ఆపే సెట్టింగ్) మార్చుదామంటే పాస్‌వర్డ్ లేదు, ఆయన ఫోను కలవలేదు. గంట తిరక్కుండానే రెండు బేస్ స్పీకర్ల కాయిళ్ళు కాలిపోయాయి. జాలీ దగ్గర ముక్కు పెడితే వార్నిష్ మాడిన వాసన. ఇప్పుడు తప్పంతా నాదంటున్నారు. తాళం చెవి ఇవ్వకుండా బాధ్యత మాత్రం ఇస్తే ఎలాగండి?

పాలకొల్లు_రెంటల్:
నాదీ ఓనరు మాటే తమ్ముడూ. ఊరేగింపులో పెళ్ళికొడుకు స్నేహితులు "బేస్ పెంచన్నా" అని మీద పడతారు. ఆపరేటర్ ఎంతసేపని కాదంటాడు? పాస్‌వర్డ్ నాకు తెలీదు అంటే గొడవ అక్కడితో సరి.

భీమవరం_టెక్నీషియన్:
తాళం సంగతి తర్వాత. ఆ కాయిళ్ళు కాలింది గెయిన్ (యాంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) తేడా వల్ల అయ్యుండాలి. లిమిటర్ యాంప్‌కి ముందు ఉంటుంది. స్పీకర్‌కి ఎన్ని వోల్టులు వెళ్తున్నాయో దానికి తెలియదు, తన అవుట్‌పుట్ మాత్రమే తెలుసు.

లెక్క చూడండి. స్పీకర్ 500 వాట్లు, 8 ఓమ్స్ అనుకుందాం. రెండూ గుణించి వర్గమూలం తీస్తే 63 వోల్టులు, అదే హద్దు. యాంప్ గెయిన్ 26 డీబీ అయితే సిగ్నల్ 20 రెట్లు అవుతుంది, కాబట్టి లిమిటర్ 3.16 వోల్టుల దగ్గర, అంటే సుమారు +12 డీబీయూ (సిగ్నల్ వోల్టేజ్‌ని చెప్పే కొలత) దగ్గర పెడతాం. ఇప్పుడు ఆ స్థానంలో 32 డీబీ యాంప్ వచ్చిందంటే గెయిన్ 40 రెట్లు. అదే లిమిటర్ సెట్టింగ్‌కి 126 వోల్టులు వస్తాయి. వోల్టేజ్ రెట్టింపైతే పవర్ నాలుగింతలు. యాంప్‌కి శక్తి ఉంటే 500 వాట్ల కాయిల్ మీద 2,000 వాట్లు పడతాయి. కంట్రోలర్‌లో ఎర్ర లైటు కూడా వెలగకపోవచ్చు.

రాజోలు తమ్ముడికి పాస్‌వర్డ్ లేకుండానే దారి ఉంది. చాలా యాంప్‌లకి వెనక గెయిన్ స్విచ్ ఉంటుంది, దాన్ని 26కి మార్చాలి. లేకపోతే ముందున్న నాబ్ 6 డీబీ తగ్గించాలి. ఈ విషయం చెప్పకుండా సిస్టమ్ అప్పగించినవాళ్ళదే తప్పని నా గట్టి అభిప్రాయం.

పాలకొల్లు_రెంటల్:
ఒకే ఛానల్‌కి రెండు బాక్సులు పారలల్‌గా ఇస్తే లిమిటర్ కూడా పెంచాలి కదండీ?

భీమవరం_టెక్నీషియన్:
వద్దు. రెండు బాక్సులకీ అందే వోల్టేజ్ ఒకటే, హద్దు మారదు. యాంప్ 4 ఓమ్స్ మోయగలదో లేదో మాత్రం చూసుకోండి.

అమలాపురం_లైవ్:
నాబ్ తగ్గించమనడం నాకు నచ్చలేదండి. రాత్రి ఎవరో ఒకరు మళ్ళీ పూర్తిగా తిప్పేస్తారు, రక్షణ పోయినట్టే. నమ్మకస్తుడైన ఆపరేటర్‌కి పాస్‌వర్డ్ ఇవ్వడమే మేలు. ఇంకోటి, ఎవరూ హై పాస్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలని ఆపే ఫిల్టర్) ఊసే ఎత్తలేదు. 40 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్న) బాక్స్‌లోకి 25 హెర్ట్జ్ వదిలితే కోన్‌కి గాలి ఆనిక ఉండదు. వాట్లు హద్దులోనే ఉన్నా కాయిల్ వెనక ప్లేటుకి కొట్టుకుంటుంది. దీన్ని మామూలు లిమిటర్ ఆపలేదు, హై పాస్ ఉండాల్సిందే.

పాలకొల్లు_రెంటల్:
మా కంట్రోలర్‌లో లిమిటర్, క్రాసోవర్ (బేస్‌నీ హార్న్‌నీ విడగొట్టేది), హై పాస్ వరకే తాళం వేసి, ఈక్యూ, డిలే వదిలేయొచ్చు. ఇకనుంచి అలాగే చేస్తాను. యాంప్ నాబ్‌ల మీద రేకు బిగించి, గెయిన్ ఎంతో ర్యాక్ మీద రాయిస్తాను. లిమిటర్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వను.

రాజోలు_ఆపరేటర్:
ర్యాక్ మీద ఆ ఒక్క అంకె రాసి ఉంటే ఆ రాత్రి నాకు సరిపోయేదండి. యాంప్ మార్చాక అంతా సరిగ్గా ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోవడం ఎలా?

భీమవరం_టెక్నీషియన్:
బాక్స్ వైరు తీసేయండి. మిక్సర్ నుంచి 50 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, లిమిటర్ లైటు వెలిగి వోల్టేజ్ పెరగడం ఆగేదాకా లెవెల్ పెంచండి. యాంప్ అవుట్‌పుట్‌లో మీటర్‌ని ఏసీలో పెట్టి చూడండి. పై లెక్కలోని 63 వోల్టులు దాటకపోతే వైరు పెట్టుకోవచ్చు. టెర్మినల్ చేత్తో తాకొద్దు, ఆ వోల్టేజ్‌కి షాక్ కొడుతుంది. హార్న్ (సన్నని శబ్దాల స్పీకర్) ఛానల్‌కి ఈ పద్ధతి పనికిరాదు, మామూలు మీటర్లు 2 కిలోహెర్ట్జ్ దగ్గర తప్పు చూపించవచ్చు.