సెమీ క్రిస్మస్ శనివారం: హాల్ ఇవ్వం అంటున్నారు, అందరూ వెంటనే చూడండి

సుధాకర్, బుధవారం రాత్రి 10:40
అందరికీ వందనాలు. మన సెమీ క్రిస్మస్‌కి, అంటే పండగకి ముందే చేసుకునే క్రిస్మస్ కూడికకి, బుక్ చేసిన హాల్ వాళ్ల మెయిల్ ఇప్పుడే వచ్చింది. బయట వండిన భోజనం లోపలికి తేకూడదట, వాళ్ల కేటరర్ దగ్గరే తీసుకోవాలట. కుదరకపోతే బుకింగ్ రద్దు. ఫోన్ చేసి బతిమాలాను, లాభం లేదు. అడ్వాన్స్ వెనక్కి రావడానికి పది పనిదినాలట. ఇంతకుముందు గ్రూపులో పెట్టిన పనుల లిస్టులో స్టేజీ, సౌండ్, పిల్లల నాటిక అన్నీ ఆ హాల్ చూసుకుని రాసినవే.

డేవిడ్, 10:52
లెస్టర్ సిటీ సెంటర్‌లో ఇంకో హాల్ ఖాళీగా ఉంది. 900 పౌండ్లు. మన దగ్గర 340 ఉన్నాయి. తలా ఇరవై వేస్తే సరిపోతుంది. నాటిక ఆపేస్తే పిల్లల మొహాలు చూడలేం.

ప్రసన్న, 10:58
తలా ఇరవై అని ఎంత సులువుగా అనేశారన్నా! నార్‌బరో రోడ్‌లో ఉండే మన స్టూడెంట్స్ వీసా రూల్ ప్రకారం టర్మ్ జరిగేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అద్దె పోను వాళ్లకి ఏం మిగులుతుంది? మొన్న ఆరాధన అయ్యాక ఒకమ్మాయి మిగిలిన పులిహోర ఐస్‌క్రీమ్ డబ్బాలో సర్దుకుంది. మూత పడక చేత్తో నొక్కి పట్టుకుని బస్‌స్టాప్ దాకా అలాగే నడిచింది. ఆ పిల్లని ఇరవై పౌండ్లు అడగడం నా వల్ల కాదు.

డేవిడ్, 11:03
స్టూడెంట్స్‌ని అడగమని నేనన్నానా? నేనేం చెప్పినా పెడర్థం తీయడమేనా? పాట లేకుండా, వాక్యం లేకుండా అన్నం పెట్టి పంపిస్తే ఇక మన సంఘం ఎందుకు? సువార్త ఎక్కడ?

ప్రసన్న, 11:05
సువార్తకి 900 పౌండ్ల హాల్ కావాలా?

సుధాకర్, 11:06
ఇద్దరూ ఆగండి. 150 మందికి చికెన్ ఆర్డర్ ఇచ్చేశాం, శుక్రవారం సాయంత్రం వచ్చేస్తుంది. ముందు దాని సంగతి చూడండి.

రూతమ్మ, గురువారం ఉదయం 8:50
డ్యూటీ దిగి ఇప్పుడే అంతా చదివాను. మాది ఒంగోలు పక్కన. 1876-78 కరువు గురించి మా పెద్దవాళ్లు చెప్పేవారు. అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించారు. కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు, కూటి కోసం ఎవరూ చేరకూడదని. అలాగని వాక్యం మానలేదు డేవిడ్ బాబూ. బోధకులే మేస్త్రీలుగా నిలబడి, కూలీలు అలుపు తీర్చుకునేటప్పుడు పక్కన కూర్చుని యేసయ్య సంగతులు చెప్పేవారు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈసారి మన అంశం మత్తయి 14:16. ఇది అరణ్యం, జనాన్ని పంపేయమని శిష్యులంటే, మీరే పెట్టండి అన్నాడు ప్రభువు. ఆ రోజు ఆయన రొట్టెలు విరిచి శిష్యుల చేతికిచ్చాడు, జనానికి పంచింది వాళ్లే. ఆ పంచే పని ఇప్పుడు మనది. నాతో కేర్ హోమ్‌లో చేసే మన పిల్లలు ఏ సెమీ క్రిస్మస్‌కీ రాలేకపోయారు. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగుతారు. వాళ్ల దగ్గరికి మనమే ఎందుకు వెళ్లకూడదు?

డేవిడ్, 9:20
ఆంటీ, అయితే క్యారల్ రౌండ్స్‌లా వెళ్దాం. వ్యాన్ నేను తెస్తాను. గొర్రెల కాపరుల సీన్ ఎవరి గుమ్మం ముందైనా ఐదు నిమిషాల్లో వేయొచ్చు. పిల్లలకి ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ప్రసన్న, 9:26
బాగుంటుందన్నా. నార్‌బరో రోడ్ ఇళ్ల అడ్రసులు నేను రాసిస్తాను. కానీ భోజనం బాక్సుల్లో కరపత్రాలు పెట్టొద్దు. ఆ ఇళ్లలో హిందువులు, ముస్లింలు కూడా ఉన్నారు, వాళ్లకీ ఇద్దాం. ప్రార్థన కావాలా అని అడుగుదాం, కావాలన్నవాళ్లకి చేద్దాం.

డేవిడ్, 9:31
కరపత్రం లేకుండా అంటే నాకు కష్టంగానే ఉంది. సరే, బాక్సుల్లో వద్దు. అడిగినవాళ్లకి ఇవ్వడానికి నా జేబులో ఉంటాయి.

ప్రసన్న, 9:32
సరే అన్నా. నిన్న రాత్రి మాటలు మనసులో పెట్టుకోకండి.

గ్రేస్, 12:10
మనం ఆరాధన చేసుకునే చర్చి వికార్ గారితో మాట్లాడాను. శనివారం హాల్‌లో ఫుడ్ బ్యాంక్ ఉంటుంది, ఇవ్వలేరు. వంటగది మాత్రం మధ్యాహ్నం రెండు నుంచి మనదే. జీడిపప్పు, పెరుగు, ఆవాలు ఉన్నాయని ప్రతి బాక్స్ మీదా లేబుల్ ఉండాలి, అలర్జీల విషయంలో ఇక్కడ పట్టింపు ఎక్కువ. బిర్యానీ చల్లారకుండా థర్మల్ బ్యాగులు కావాలి. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో చెప్పండి.

సుధాకర్, 12:25
వ్యాన్ నార్‌బరో రోడ్‌కి. కేర్ హోమ్స్ రూతమ్మ ఆంటీ, నేను. రాయల్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రిలో నైట్ షిఫ్ట్ ఎక్కే మనవాళ్లకి 60 బాక్సులు ఏడుంబావుకల్లా అందాలి. దానికి కారు కావాలి.

గ్రేస్, 12:31
అది నేను చూసుకుంటాను. నా కారులో 40 పడతాయి. మిగతా 20 తీసుకుని వెనకాల ఇంకెవరైనా రావాలి.