క్లబ్ కాంటెస్ట్‌లో జడ్జింగ్ ఎలా చేస్తున్నారు?

బెంగళూరులో మాదో చిన్న స్కేల్ మోడల్ (అసలు విమానాలు, ట్యాంకుల చిన్న నమూనాలు) క్లబ్ అండి, ఏటా కాంటెస్ట్ పెడతాం. పోయినసారి 1/72 సైజు (అసలులో 72వ వంతు) మారుత్ ఫైటర్ విమానం, 1/35 ట్యాంక్ ఒకే కేటగిరీలో పడేసి ఫస్టు సెకండు ఇచ్చేసరికి పెద్ద గొడవ, ఇద్దరు వాట్సాప్ గ్రూప్ నుంచే వెళ్లిపోయారు. మీరెలా చేస్తారు?

> ఫస్టు సెకండు మానేయండి బ్రో. ప్రతి మోడల్‌నీ విడిగా చూసి గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ స్థాయి ఇవ్వండి, ఎంతమందికైనా గోల్డ్ రావచ్చు. కాకపోతే మెడల్స్ కాస్త ఎక్కువే చేయించాలి, ట్రెజరర్ గొణుగుతాడు 😀

> పద్ధతి ఏదైనా ముందు బేసిక్స్ చూడాలండి. టార్చ్ పక్కనుంచి వేస్తే అతుకుల గీతలన్నీ బయటపడతాయి, డెకాల్ (మోడల్ మీద అంటించే గుర్తుల స్టిక్కర్) కింద గాలి చిక్కుకుంటే వెండిలా మెరుస్తుంది, రెక్కలు రెండూ ఒకే కోణంలో ఉన్నాయా అన్నది ముందు నుంచి చూస్తేనే తెలుస్తుంది. చాలామంది జడ్జీలు తుప్పు, బురద ఎఫెక్ట్ చూసి పడిపోతారు, అదే నాకు నచ్చదు.

> మారుత్ రంగు మీద వాదన వస్తే దాన్ని తయారుచేసిన హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వాళ్ల మ్యూజియంలో అసలుదే ఉంది, వెళ్లి ఫొటోలు తీసుకోండి. అయితే మ్యూజియం పెయింట్ తర్వాత వేసింది కావచ్చు, దాన్నిబట్టి ఎవరికీ మార్కులు కోయకండి. పిల్లలకి వేరే టేబుల్ పెట్టండి ప్లీజ్.